ఎర్రాకుల మొక్క అడిగినవాళ్లకు చినగోరంట చూపిస్తున్నాను

సంపాదకులు గారికి నమస్కారం.

నేను కడియం మండలంలో 41 ఏళ్లుగా అంట్లు కడుతున్నవాణ్ని. మొదటి 20 ఏళ్లు కూలికి కట్టాను. తర్వాత అరెకరం కౌలుకు తీసుకుని సొంత మళ్లు వేసుకున్నాను. మీ పత్రిక మా కాలవ గట్టు మీది టీ బడ్డీకి వస్తుంది. నలుగురు చదివాక నా చేతికి చేరుతుంది. బజ్జీల కింద ఏ పేజీ పోయినా, ఆదివారం మొక్కల పేజీ మాత్రం నాకోసం తీసి ఉంచుతారు.

మూడు వారాల క్రితం ఆ పేజీలో ఫోదర్‌గిల్లా అనే పొద ఫొటో సగం పేజీకి వేశారు. వసంతంలో తెల్లటి పువ్వులు, చలికాలం ముందు మంట అంటుకున్నట్టు ఆకులు. ఫొటో చాలా బాగుంది. దాని కింద "కుండీలో పెట్టి వారానికి రెండుసార్లు నీళ్లు పోస్తే చాలు, మీ పెరడు ఎర్రబడుతుంది" అని రాశారు. ఆ ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం.

ఆ కాగితం ముక్క పట్టుకుని ఇప్పటికి 11 మంది నా మడి దగ్గరికి వచ్చారు. రావులపాలెం నుంచి ఒకాయన భార్యను మోటారు సైకిలు ఎక్కించుకుని ఎండలో పడి వచ్చాడు. లేదంటే నమ్మడు. "కడియంలో లేని మొక్క ఉంటుందేంటండీ?" అని నన్నే నిలదీశాడు. ఆ మాటకు పొంగిపోయే నేను ఒకప్పుడు ఒక తప్పు చేశాను, అది తర్వాత చెబుతాను. అమలాపురం వైపు నుంచి ఒక అమ్మాయి ఏకంగా మొక్కనే సంచిలో పెట్టుకు తెచ్చింది. ఫోన్లో చూసి తెప్పించుకుందట, రెండు మొక్కలు 1,800 రూపాయలు. పెట్టి నెల కాకముందే ఎర్రగా ఉందే, ఇదేనా అని అడిగింది. చూస్తే అకాలిఫా. పుట్టిన రోజు నుంచీ అది రాగి రంగే, ఏ కాలం వచ్చినా రాగి రంగే. మా వీధిలో 30 రూపాయలకు ఇస్తాం. ఆ పిల్ల మొహం చూశాక ధర చెప్పడానికి నోరు రాలేదు. "మంచి మొక్కేనమ్మా, చావదు, ఎండ తగిలే గోడవార పెట్టుకో" అని పంపేశాను.

ఫోదర్‌గిల్లా లేదని నేననడం లేదు. నా కళ్లతో చూశాను. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో నార్త్ కరొలినా రాష్ట్రంలో రాలీ అనే ఊళ్లో ఉంటారు. 2022లో అమ్మాయి రెండో కాన్పుకని నేనూ మా ఆవిడా అక్టోబరులో వెళ్లి జనవరి దాకా ఉన్నాం. మా ఆవిడకు అక్కడ చేతినిండా పని. నాకు ఏమీ లేదు. కత్తి పట్టిన చేతులు కదా, ఊరుకోవు. పక్కింటి కంచె కొమ్మలు చూసి "ఇదిగో, ఇక్కడ కోస్తే నాలుగు చిగుళ్లు పెడుతుంది" అని కిటికీ దగ్గర నిలబడి గొణుక్కునేవాణ్ని. నా అవస్థ చూడలేక అల్లుడు అక్కడి యూనివర్సిటీ వాళ్ల మొక్కల తోటకు తీసుకెళ్లాడు. జె.సి. రాల్‌స్టన్ అర్బోరేటం అంటారు. టికెట్ లేదు. మొక్క మొక్కకూ పేరు బిళ్ల. మా దగ్గర 20 రకాల మందారాలకు "మందార" అనే ఒకటే అట్టముక్క గుచ్చుతాం, కాస్త సిగ్గేసింది.

నవంబరు మొదటి వారం అది. నడుమెత్తు పొద. ఒకే ఆకులో అంచు ఎరుపు, లోపల నారింజ, ఈనె పక్కన ఇంకా పసుపు. అబద్ధమెందుకు, కాసేపు నాకు మాట రాలేదు. పువ్వు మాత్రం చూడలేదు. ఏప్రిల్‌లో, ఆకు సరిగా రాకముందే పూస్తుందట. అల్లుడు ఫోన్లో చూపించాడు. రేకులే లేవు, ఉన్నవన్నీ తెల్లటి కేసరాలు. మన దిరిసెన పువ్వును కొమ్మ చివర నిలబెట్టినట్టుంది. ఆ పొద పుట్టిల్లే అమెరికా ఆగ్నేయ భాగం. ఇంగ్లండులో మొక్కల పిచ్చి ఉన్న జాన్ ఫోదర్‌గిల్ అనే వైద్యుడి పేరు దానికి పెట్టారు. అందులో పొట్టి రకానికి చార్లెస్టన్‌లో ఉన్న అలెగ్జాండర్ గార్డెన్ అనే ఇంకో వైద్యుడి పేరు తగిలించారు. మేం వేలకు వేలు కట్టి లారీలకెత్తే గంధరాజం ఉంది చూడండి, దాని ఇంగ్లీషు పేరు గార్డీనియా కూడా ఆయన పేరే. ఆ సంగతి తెలిశాక పొద మీద నాకు చుట్టరికం కలిసినట్టనిపించింది.

దాని కాయ ఎండి, ఆముదం కాయ ఎండకు పేలినట్టు టప్పున పేలి గింజను దూరంగా విసురుతుంది. కింద పడ్డ గింజలు నాలుగు ఏరి చొక్కా జేబులో వేసుకున్నాను. ఏరడమే తప్పు, ఒప్పుకుంటాను. ఇంటికి రాగానే అమ్మాయి జేబు తడిమి, "నాన్నా, ఇవి ఊరికి పట్టుకెళ్లకూడదు. పర్మిట్ ఉండాలి, తెగుళ్లు లేవని ఇక్కడివాళ్లిచ్చే సర్టిఫికెట్ ఉండాలి" అని లాక్కుంది. మన ప్రభుత్వం 2003లోనే మొక్కల దిగుమతికి క్వారంటైన్ ఉత్తర్వు ఇచ్చింది. నర్సరీవాణ్నయ్యుండి నాకు తెలియాల్సిన విషయమే. ఎవరో తెచ్చిన పరాయి మొక్కతో వచ్చిన పురుగే కదా రేపు మా మళ్లన్నిటికీ పాకేది.

తెచ్చినా ఏం లాభం లేదండి. ఆ గింజకు ముందు కొన్ని నెలలు వెచ్చగా, ఆ తర్వాత కొన్ని నెలలు గట్టి చలిలో తడిగా ఉంటేనే లోపల పిలక లేస్తుంది. పెరిగిన పొదకూ అంతే. చలికి ఆకులన్నీ రాల్చి, మొగ్గలు మూసుకుని రెండు మూడు నెలలు నిద్రపోవాలి. ఆ నిద్ర లేకపోతే తర్వాత ఏడు సరిగా చిగురించదు, పూయదు. రాలీలో మేమున్న డిసెంబరులోనే రాత్రుళ్లు సున్నాకు దిగేది. మన దగ్గర జనవరి రాత్రి 17 డిగ్రీలంటే మా ఆవిడ రెండు దుప్పట్లు తీస్తుంది. ఆ చలికి మనుషులు ముడుచుకుంటారేమో గానీ ఆ మొక్క కన్ను కూడా మూయదు. పైగా దానికి కాస్త పులుపు నేల కావాలి, నీరు ఇంకిపోవాలి. మన ఒండ్రు రేగడి క్షారం వైపు మొగ్గుతుంది, ఆగస్టులో నాలుగు అడుగులు తవ్వితే నీళ్లు తగులుతాయి. వేళ్లు కుళ్లడానికి ఇంకేం కావాలి?

ఇక రంగు. మీ పేజీలో అసలు చెప్పనిది ఇదే. ఆకు ముదిరి రాలే ముందు చెట్టు అందులోని సారాన్ని కాండంలోకి లాగేసుకుంటుంది. పచ్చరంగు విరిగిపోతుంది. అప్పటిదాకా పచ్చదనం కింద దాక్కున్న పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, అది ముందు నుంచీ ఉండదు. పగలు ఎండ బాగా కాసి ఆకులో చక్కెర తయారై, రాత్రి చలికి అది కదలకుండా నిలిచిపోతే అప్పుడు కొత్తగా పుడుతుంది. రాత్రి ఉక్కపోతగా ఉంటే ఆ చక్కెర ఖర్చయిపోతుంది. మన రైతులకు సగం సంగతి చెప్పక్కర్లేదు. వరికి యూరియా ఎక్కువేస్తే ఏమవుతుంది? పక్క చేను పండి బంగారంలా ఉంటే మన చేను ఇంకా పచ్చగా నిలబడి ఉంటుంది. పెరటి మొక్కకూ అదే లెక్క. మీరు చెప్పినట్టు వారానికి రెండుసార్లు నీళ్లు, దానికి తోడు నెలకోసారి గుప్పెడు యూరియా పడితే ఏ మొక్కా ఎర్రబడదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. 2014లో అనుకుంటాను, మండపేట నుంచి ఒక మాస్టారు వచ్చారు. ఆకులు రంగు మారే పూల మొక్క కావాలన్నారు. నేను గోడకున్న క్యాలెండరులో ఎర్రాకుల బొమ్మ చూపించి, లాజస్ట్రోమియా మొక్క ఇచ్చాను. పాత ఇళ్లవాళ్లు దాన్నే చినగోరంట అంటారు. వేసవి నుంచి వానాకాలం దాకా గులాబి రంగు పువ్వులు, గాలిపటాల కాగితం నలిపినట్టుండే రేకులు. మొక్క సరైనదే. ఎలా పెంచితే రంగు వస్తుందో మాత్రం చెప్పలేదు. చెప్పలేదంటే నాకూ తెలియదు. అది ఎర్రబడుతుందని ఎవరో అనగా విన్నాను, అమ్మేశాను, 150 రూపాయలు తీసుకున్నాను. రెండేళ్లు పోయాక ఆయన మళ్లీ వచ్చి, "ఏవయ్యా, క్యాలెండరు అమ్మావా, మొక్క అమ్మావా?" అన్నారు. పదిమందిలో అన్నారు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది.

వాళ్లింటికి వెళ్లి చూశాను. గిన్నెలు తోమే నీళ్లన్నీ పోయే బోదె పక్కన, కొబ్బరి చెట్టు నీడలో పెట్టారు. మనిషెత్తు పెరిగింది. ఆకుల మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు. పువ్వులు పైన రెండు గుత్తులు. మాస్టారు శుభ్రంగా ఉండాలని దసరా సెలవుల్లో కొమ్మలు కత్తిరిస్తారట. దసరాకు కత్తిరిస్తే కార్తీకంలో లేత చిగుళ్లు వస్తాయి. లేత ఆకు ఎందుకు రాలుతుంది, ఎందుకు రంగు మారుతుంది? ఆ రోజు ఇదంతా నాకు తోచలేదు. "ఈ నేలకు అంతేనండి" అని చెప్పి వచ్చేశాను. నేల మీద పెట్టేస్తే నేల తిరిగి ఏమీ అనదు కదా.

ఆ మొక్క అమ్మిన ఎనిమిదేళ్లకు రాలీలో రోడ్డు పక్క నడుస్తుంటే ఆగిపోయాను. దారి పొడవునా చెట్లు, ఆకులు ఎర్రగా, నారింజగా. ఆకులను బట్టి పోల్చుకోలేదు. మాను చూసి పట్టుకున్నాను. జామ మానులాగా నున్నగా, పొరలు ఊడుతూ, లోపల గంధం రంగు. చేత్తో రాశాను. కొమ్మ చివర ఎండిన కాయలు, ఆరు పగుళ్లు. మన చినగోరంట! అక్కడ వీధి వీధికీ అదే. క్రేప్ మిర్టిల్ అంటారు. అది చైనా నుంచి లోకమంతా పాకిన మొక్కే, కానీ శాస్త్రం పేరులో ఇండికా అని మన దేశం ఉంది. అక్కడి నేషనల్ అర్బోరేటం వాళ్లు దాన్ని జపాన్ రకంతో కలిపి బూడిద తెగులు తట్టుకునే సంకరాలు తీసి, వాటికి అక్కడి ఆదివాసి తెగల పేర్లు పెట్టారు. నాచెజ్, మస్కోగీ, టస్కరోరా అని. ఒక ఇంటి ముందు తోటపని చేస్తున్న పెద్దాయనకు అల్లుడి చేత చెప్పించాను, నేను ఇండియాలో ఇదే మొక్క పెంచుతానని. ఆయన నమ్మలేదనుకుంటా, చేతిలో కత్తెర నాకిచ్చాడు. ఎండు పుల్లలు రెండు తీసి చూపించాను. అప్పుడు నవ్వాడు.

మా పిల్లకు గోరింటాకు పెడుతూ మా ఆవిడ అడిగింది, చినగోరంటకు ఆ పేరెందుకని. నాకు తెలియలేదు. కానీ గోరింట, చినగోరంట, దానిమ్మ మూడూ శాస్త్రంలో ఒకే కుటుంబమని ఆ తోటలో బిళ్లలు చదివి అల్లుడు చెప్పాడు. పేరు పెట్టిన మన పాతవాళ్లు మరీ గుడ్డిగా పెట్టలేదన్నమాట.

తిరిగొచ్చాక మాస్టారి మాట గుర్తుపెట్టుకుని పరీక్ష చేశాను. ఒకే తల్లి మొక్క నుంచి తీసిన పుల్లలు నాలుగు. రెండు మడిలోనే, మామూలుగా నీళ్లు పెట్టే చోట. రెండు కాలవ వైపు గట్టు మీద, అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి, ఏటి ఇసుక, ఎర్రమట్టి కలిపి, రోజంతా ఎండపడే చోట. గట్టు మీది వాటికి శ్రావణంలో పెంట వేసి ఇక ఏమీ వేయలేదు. దీపావళి తర్వాత నీళ్లు ఆపేశాను. మా పనివాడు జాలిపడి రెండు చెంబులు పోస్తుంటే చూసి తిట్టాను కూడా. కొమ్మ కత్తిరించలేదు.

మొదటి ఏడు, 2023 డిసెంబరులో ఆకు పసుపు తిరుగుతోందనగా మిచాంగ్ తుపాను వచ్చింది. కోతకొచ్చిన వరే నీళ్లలో పడిపోయింది, ఇక నా నాలుగు మొక్కలు ఎవడికి కావాలి. ఆకులన్నీ పచ్చివి పచ్చిగా రాలిపోయాయి. ఆ మరుసటి ఏడు మాత్రం గట్టు మీది రెండూ ధనుర్మాసం మొదట్లో పసుపెక్కాయి. భోగి నాటికి ఎండ తగిలే పక్క కొమ్మలు నారింజ, చివర్లలో ఎరుపు. మడిలో రెండూ చివరిదాకా పచ్చగానే ఉండి, మాఘంలో ఒకరోజు చప్పుడు లేకుండా ఆకు రాల్చేశాయి. రాలీలో చూసిన ఎరుపుకు నా గట్టు మీది ఎరుపు పావలా వంతు ఉంటుంది. రూపాయి అని చెప్పి అమ్మితే మళ్లీ క్యాలెండరు కథే. ఆ పావలా చూడ్డానికి మాత్రం టీ బడ్డీ మొత్తం గట్టు మీదకు వచ్చింది.

కాబట్టి అడిగినవాళ్లకు ఇప్పుడు నేను చెప్పేది ఇది. ఎండ పూర్తిగా పడే చోటు లేకపోతే కొనకండి. నేల పల్లంగా ఉంటే దిబ్బ పోయండి. వేసవిలో, పూసేటప్పుడు నీళ్లు కావలసినన్ని పెట్టండి, దీపావళికి చెంబు పక్కన పెట్టేయండి. కుండీలో అయితే మరీ ఎండగట్టకండి, మట్టి పైన అంగుళం పొడిబారాక కాసిని పోయండి. కత్తిరింపు మాఘంలో, ఆకు రాలి మోడుగా ఉన్నప్పుడే. పువ్వు కొత్త చిగురుకే వస్తుంది గనక పూత పోతుందని భయం లేదు. బూడిద తెగులు నీడ వల్ల, గాలి ఆడక వస్తుంది. మందు కొట్టే ముందు చోటు మార్చి చూడండి.

పెద్ద స్థలం ఉంటే బాదం చెట్టు ఉండనే ఉంది. ఏడాదికి రెండుసార్లు ఆకు రాలుస్తుంది, రాల్చిన ప్రతిసారీ నిప్పు రంగే. మనం మాత్రం వాకిలి ఊడవలేక తిట్టుకుని కొట్టించేస్తాం. మా వీధిలోనే మూడు పోయాయి. పసుపు, ఎరుపు ఆకుల కోసం 1,800 పెట్టేవాళ్లు, ఉచితంగా రాలిన ఎర్రాకుల మీద పంచాయతీకి అర్జీ పెడతారు. ఇంకో మాట. చలిదేశాల్లో ఆకు పోయేటప్పుడు ఎర్రబడితే, మన దగ్గర ఎక్కువ చెట్లకు ఆకు పుట్టేటప్పుడే ఎరుపు. మాఘ ఫాల్గుణాల్లో మామిడి చిగురు చూడండి, రావి చిగురు చూడండి. కోనసీమ రోడ్డు మీద బస్సులో వెళ్తూ తల తిప్పితే చాలు, ఫొటో అక్కర్లేదు.

మీకు నా విన్నపం పెద్దదేమీ కాదు. మొక్కల పేజీలో బొమ్మ వేసేటప్పుడు అది ఏ ఊళ్లో తీసిందో, అక్కడ చలి ఎంత ఉంటుందో ఒక్క ముక్క రాయండి. మన దగ్గర ఆ మొక్కకు తెలుగు పేరుంటే అది కూడా వేయండి. ఫోదర్‌గిల్లా గురించి సవరణ అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేస్తే మరీ మంచిది. లోపలి పేజీ అడుగున చీమ తలకాయంత వేస్తే రావులపాలెం ఆయన మళ్లీ పెట్రోలు పోయించుకుని వస్తాడు.

మండపేట మాస్టారు ఇప్పుడు కొడుకు దగ్గర హైదరాబాదులో ఉంటున్నారని తెలిసింది. ఈ ఉత్తరం వేస్తే ఆయన కంట పడుతుందేమోనని ఒక ఆశ. నేలది తప్పు కాదండి మాస్టారూ, నాదే. మీ ఇంట్లో ఇప్పుడున్నవాళ్లు ఆ మొక్కను ఇంకా ఉంచి ఉంటే, మాఘంలో వచ్చి నేనే తవ్వి ఎండలోకి మారుస్తాను, కూలి అడగను. గట్టు మీది రెంటికీ అప్పుడే కత్తిరింపు. పెన్సిలు లావు పుల్లలు ఒక 60 దాకా వస్తాయి. ఆ 11 మందికీ తలా రెండు పక్కన పెట్టమని పనివాడికి చెప్పాను. అమలాపురం అమ్మాయికి నాలుగు.

ఇట్లు,
ఒక అంటుకట్టే పనివాడు,
కడియం మండలం, తూర్పు గోదావరి జిల్లా.

(పేరు వేయవద్దు. క్యాలెండరు సంగతి మా వీధిలో అందరికీ తెలుసు గానీ, అది నేనే రాశానంటే టీ బడ్డీలో ఇంకో పదేళ్లు ఏడిపిస్తారు.)